తదుపరి ఉత్తర్వుల వరకు మహారాజు

ఇది ఇంకా జరగలేదు. జరగబోయే కథ కాబట్టి ఇందులో అబద్ధం ఉందని ఎవరూ నిరూపించలేరు. చెప్పేవాడికీ వినేవాడికీ అదొక సుఖం.

బ్రిటన్ దేశంలో రాజరికాన్ని కాలానికి తగ్గట్టు దిద్దాలని ఒక సంఘం వేశారు. దాని పేరు రాజరిక ఆధునికీకరణ సంఘం. అందులోని సభ్యులందరూ రాజుగారంటే ప్రాణం పెట్టేవాళ్ళే. అందుకే ఆయన్ని ఊపిరి పీల్చుకోనివ్వలేదు. ముందు గుర్రబ్బళ్ళు తీసేసి సైకిలిచ్చారు. తర్వాత ప్యాలెస్‌లో సగం గదులు పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చారు. రాజుగారు పడకగదికి వెళ్ళాలంటే పెళ్ళివారి భోజనాల బంతుల మధ్యనుంచి, "కొంచెం జరగండి బాబూ" అనుకుంటూ వెళ్ళాల్సి వచ్చేది. ఆయన దానికీ సర్దుకున్నాడు. పైగా మిఠాయి బాగున్నరోజు ఆగి తినేవాడు కూడా.

ఆ తర్వాత ప్రజాభిప్రాయం అన్నారు. రాజుగారు ఎక్కడ చెయ్యి ఊపినా, ఊపిన వెంటనే జనం తమ ఫోన్లలో నక్షత్రాలు వెయ్యాలి. "చెయ్యి బాగానే ఊపాడు, నవ్వు మాత్రం ఆలస్యంగా వచ్చింది" అని ఒకావిడ రెండే నక్షత్రాలు వేసింది. మర్నాడే రాజుగారు తేనెటీగలు పెంచుకుంటానని చెప్పి పల్లెటూరు వెళ్ళిపోయాడు. తేనెటీగలు కుడతాయే గానీ నక్షత్రాలు వెయ్యవు.

సింహాసనం యువరాజుకి ఇవ్వబోయారు. ఆయన, "నాకు కుండలు చెయ్యడంలో శాంతి దొరికింది, దాన్ని చెడగొట్టకండి" అన్నాడు. ఆయన చెల్లెలు అప్పటికే మేకల పెంపకంలో ఉంది. పినతండ్రి కొడుకు ఫోను కట్టేశాడు. అలా వరసలో దిగుతూ దిగుతూ, ఎక్కడో ఒక దీవిలో పళ్ళ డాక్టరు దాకా పోయారు. ఆయన మర్యాదగా, "నా దగ్గర నోరు తెరిచి కూర్చున్న మనిషి ఉన్నాడు, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఇదీ పరిస్థితి. ఈ పరిస్థితి మీద సంఘం ప్యాలెస్ పెద్ద హాల్లో కూర్చున్న రోజున బయట వాన కురుస్తోంది. హాల్లో కూడా కురుస్తోంది. అందుకని మన జోగారావు అక్కడున్నాడు.

పెనుమర్తి జోగారావుది కొవ్వూరు. తాతగారి పేరు పెట్టారు కాబట్టి పేరు పాతది, మనిషి అంత పాతవాడు కాడు. ప్యాలెస్ కప్పుల్లో కారే చోట్లన్నీ చూసుకునే విభాగానికి సూపరింటెండెంటు. ఎన్నో ఏళ్ళుగా ఆ కప్పు కారుతూనే ఉంది, ఆయన చూసుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు సంఘంవారి బల్ల మీద నీళ్ళు పడకుండా బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"సింహాసనం ఖాళీగా ఉండుట రాజ్యాంగరీత్యా అసంభవం," అన్నాడు సర్ ఆల్డస్ పెంబర్టన్. ఆయన రాజుగారి ఆంతరంగిక కార్యదర్శి, ఈ సంఘానికీ కార్యదర్శి. పొడుగాటి మనిషి, నిలువునా ఇస్త్రీ చేసినట్టుంటాడు. "అయితే ప్రస్తుతం అది ఖాళీగా ఉన్నది. ఈ రెండు అంశాలనూ సమన్వయపరచవలసిన గురుతర బాధ్యత సంఘంపై ఉన్నది."

సంఘం ఆలోచనలో పడింది. హాల్లో బకెట్టు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక జోగారావు నోరు జారాడు.

"ఇన్‌చార్జ్‌ని వేస్తే పోద్ది కదండీ."

అందరూ తలలు తిప్పారు. బకెట్టు మాట్లాడిందేమోనని ఒకాయన దానివైపే చూశాడు.

"అనగా?" అన్నాడు సర్ ఆల్డస్.

"ఆయ్, మా వేపునండీ, పోస్టు ఖాళీ అయ్యి ఎవరూ రాకపోతే, పక్క సీటాయనకి ఛార్జి ఇస్తారండి. పని ఆగదు, పోస్టు నిండదు. నేను చదివినంతకాలం మా హైస్కూల్లో ఇన్‌చార్జ్ హెడ్మాస్టరేనండి. తర్వాత మా మేనల్లుడు చదివినప్పుడూ ఆయనే ఇన్‌చార్జండి. రిటైరైపోయారు, ఇన్‌చార్జ్‌గానే."

మీటింగుల్లో మనవాళ్ళు ఎవరూ చెయ్యని తప్పు అది. మీటింగులో ఉపాయం చెప్పినవాడి నెత్తినే ఆ పని పడుతుందని కొవ్వూరులో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? కానీ పరాయి దేశంలో ఇన్నేళ్ళుండేసరికి జోగారావుకి ఆ జాగ్రత్త కాస్తా పోయింది.

సంఘం సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జీతం ఇవ్వక్కర్లేదు, పట్టాభిషేకం అక్కర్లేదు, రాజుని తీసేశారని రాజభక్తులు ఏడవరు, ఉంచారని మిగతావాళ్ళు ఏడవరు. ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టని మధ్యేమార్గం ఇదేనని తీర్మానించారు. ఇక ఎవర్ని వెయ్యాలన్నది ప్రశ్న. ప్యాలెస్ సిబ్బందిలో ఇప్పటికే ఉన్నవాడై, ఏ పార్టీకీ చెందనివాడై, వెంటనే దొరికేవాడై ఉండాలని అర్హతలు రాసుకున్నారు. రాసుకుని తలెత్తితే ఎదురుగా బకెట్టుతో జోగారావు ఉన్నాడు.

"బాబోయ్, నాకొద్దండి," అన్నాడు జోగారావు.

"తాత్కాలికమే," అన్నాడు సర్ ఆల్డస్, తండ్రిలాగా భుజం తట్టి. "తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు మాత్రమే."

జోగారావు బయటికొచ్చి భార్యకి ఫోన్ చేశాడు. ఆమె పేరు మాణిక్యాంబ. ద్రాక్షారామం అమ్మవారి పేరు.

"ఏవండీ, వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి," అంది ఆమె, ఇతను నోరు తెరవకముందే.

"మాణిక్యం, నన్ను ఇంగ్లండుకి రాజుని చేశారే."

"పర్మినెంటా?"

"కాదు. ఇన్‌చార్జ్."

"అయితే కొత్తిమీర మర్చిపోకండి," అని పెట్టేసింది.

ఇన్‌చార్జ్ రాజుగారికి నియమావళి తయారుచేయడంలో సర్ ఆల్డస్ తన జన్మ సార్థకం చేసుకున్నాడు. ఇన్‌చార్జ్ రాజు సింహాసనం మీద కూర్చోకూడదు, పక్కన మడత కుర్చీ వేసుకోవచ్చు. కిరీటం నెత్తిన పెట్టుకోకూడదు, చేత్తో పట్టుకోవచ్చు. ఆ కారణంగా జోగారావు ఏ సభకెళ్ళినా రైతుబజారుకెళ్ళి గుమ్మడికాయ తెస్తున్నవాడిలా కిరీటాన్ని పొట్టకి ఆనించుకుని నడిచేవాడు. చెయ్యి ఊపాలంటే కిరీటం ఎవరో ఒకరికిచ్చి ఊపాలి. ఒకసారి పార్లమెంటు గుమ్మంలో ఒక పెద్దాయనకిచ్చి ఊపితే, ఆయన అదేదో తనకిచ్చిన బహుమానమనుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

నాణేల మీద రాజుగారి బొమ్మ ఉండాలి. ఇన్‌చార్జ్ బొమ్మ వెయ్యడం నిబంధనలకి విరుద్ధం. అందుకని ఖాళీ కుర్చీ బొమ్మ వేశారు. ఆ కుర్చీ చాలా బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. జాతీయ గీతంలో రాజుగారిని దేవుడు కాపాడుగాక అన్నచోట, "తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు" అని కలిపారు. అది ఆ బాణీలో ఇమడకపోతే, ఆ ముక్క వచ్చేటప్పుడు జనం పాడటం ఆపి నెమ్మదిగా చదివి, మళ్ళీ పాట అందుకునేవారు.

అన్నిటికన్నా చిక్కు సర్ బిరుదులతో వచ్చింది. ఎదుట మోకరిల్లిన మనిషి రెండు భుజాలనీ రాజుగారు కత్తితో తాకితే అతను సర్ అవుతాడు. రెండో భుజం తాకడం శాశ్వత నిర్ణయమవుతుంది కాబట్టి ఇన్‌చార్జ్ ఒక్క భుజమే తాకాలని సర్ ఆల్డస్ తేల్చాడు. పర్మినెంటు రాజు వచ్చాక రెండోది తాకుతాడు. దాంతో దేశమంతా ఒంటిభుజం సర్లు పోగయ్యారు. వాళ్ళని పూర్తిగా సర్ అని పిలవాలా, సగం గొంతుతో పిలవాలా అని పత్రికల్లో చర్చలు జరిగాయి. చివరికి వాళ్ళొక యూనియన్ పెట్టుకున్నారు. తాకిన భుజం కాస్త ఎత్తుగా పెట్టి నడవటం వాళ్ళ గుర్తు.

ఇంత చేసినా జోగారావు పాత పని పోలేదు. ఛార్జి అదనం కదా, అసలు పని అసలు పనే. ఏదో దేశాధ్యక్షుడికి విందు ఇస్తూ, "మన రెండు దేశాల మైత్రి" అని చదువుతూ ఉండగా పై అంతస్తునుంచి కబురొచ్చేది. కిరీటం పాలకూర సూపు పక్కన పెట్టి, నిచ్చెనెక్కి, తారు పట్టీ వేసి, చేతులు తుడుచుకుని వచ్చి, "కలకాలం వర్ధిల్లాలి" అని పూర్తిచేసేవాడు. జనం ఆయన్ని ఎంతో ఇష్టపడ్డారు. రాజరికం మొదలైనప్పట్నించి, పైకెక్కి దిగొచ్చిన రాజు ఈయనొక్కడే అన్నారు.

ఇలా తాత్కాలికమన్నది కాస్తా రెండేళ్ళయింది. అప్పుడు గురుడు సింహరాశిలోకి వస్తున్నాడని మాణిక్యాంబ గోడ మీది పంచాంగంలో చూసింది. గోదావరికి పుష్కరాలు.

జోగారావు భోజనం చేస్తున్నాడు. ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏవండీ, పుష్కరాలు."

అతను ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆ మాట వెనక సంగతి ఇద్దరికీ తెలుసు. చాలా ఏళ్ళ కిందట జోగారావుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. డాక్టర్లు మొహాలు తిప్పుకుంటున్న రోజుల్లో, మాణిక్యాంబ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని గోదావరికి మొక్కుకుంది. ఈయన్ని నాకు దక్కించు తల్లీ, పుష్కరాలకి ఇద్దరం వచ్చి కొంగుముడి వేసుకుని మునుగుతామని. మనిషి దక్కాడు. తీరా పుష్కరాలొచ్చేసరికి, చేతిలో టిక్కెట్లు ఉండగా, ప్యాలెస్ నాట్యశాలలో కప్పు పెచ్చు ఊడి ఎవరో ప్రభువుగారి జుట్టు మీద పడింది. సెలవు రద్దు. వచ్చే పుష్కరాలకి తప్పకుండా వెళ్దామన్నాడు జోగారావు. ఆ వచ్చే పుష్కరాలే ఇప్పుడొచ్చాయి.

"మీ ప్రాణం అడిగాను. ఆవిడ ఇచ్చింది," అంది మాణిక్యాంబ. "ఇచ్చిన మాట మాత్రం నేను నిలబెట్టుకోలేదు. పన్నెండేళ్ళనుంచి గోదారి పేరు వింటే తలొంచుకుంటున్నానండి. మళ్ళీ పుష్కరాలకి ఇద్దరం ఉంటామని ఎవరు చెప్పొచ్చారు?"

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది జోగారావుకి. అన్నం వదిలేసి లేచి, "ఈసారి వెళ్తున్నాం," అన్నాడు.

మర్నాడు సెలవు చీటీ పట్టుకుని సర్ ఆల్డస్ గదికి వెళ్ళాడు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"ప్యాలెస్ సిబ్బందికి సెలవు మంజూరు చేయు అధికారం ఎవరిది?"

"రాజుగారిదండి."

"ప్రస్తుతం రాజుగారి బాధ్యతలు ఎవరు నిర్వహిస్తున్నారు?"

"నేనేనండి. అయితే నేనే మంజూరు చేసేసుకుంటాను."

సర్ ఆల్డస్ బాధగా నవ్వాడు. "తన సెలవు తానే మంజూరు చేసుకొనుట నైతిక విలువలకు విరుద్ధం. అది ఈ రాజ్యానికి మచ్చ."

"పోనీ మీరివ్వండి."

"రాజుకు సెలవిచ్చే అధికారం ఈ భూమండలంలో ఎవరికీ లేదు. అందుకొరకే గదా ఆయన రాజు."

"నేను రాజుని కాదు కదండీ, ఇన్‌చార్జ్‌ని."

"కావుననే పర్మినెంటు రాజుగారు రావాలి. వారు వచ్చి మంజూరు చేస్తారు."

"ఎప్పుడొస్తారండీ?"

"సంఘం నివేదిక సమర్పించిన పిమ్మట. అయితే సంఘం గడువు ముగిసింది. దానిని పొడిగించుట విధాన నిర్ణయం. ఇన్‌చార్జ్ విధాన నిర్ణయాలు తీసుకోరాదు." సర్ ఆల్డస్ సెలవు చీటీని ఎంతో గౌరవంగా వెనక్కిచ్చాడు. "నిరుత్సాహపడవద్దు. తమరి విన్నపం పరిశీలనలో ఉన్నది."

"ఎవరి పరిశీలనలోనండీ?"

"తమరి పరిశీలనలోనే."

జోగారావుకి తల తిరిగిపోయింది. రాజీనామా చేద్దామా అంటే, తనది కాని పోస్టుకి రాజీనామా చెల్లదట. పారిపోదామా అంటే, రాజు దేశం విడిచి పారిపోతే దాన్ని విప్లవమంటారట, దానికి వేరే పద్ధతి ఉందట. ఇంటికెళ్ళి మొహం వేలాడేసుకుని సోఫాలో కూలబడ్డాడు.

మాణిక్యాంబ అంతా విని, "మీరు సెలవెందుకు అడిగారు?" అంది.

"మరేం అడగను?"

"మా నాన్న రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసినన్నాళ్ళూ ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఎక్కడికెళ్ళినా ఆఫీసు పని మీద క్యాంపని రాసుకునేవాడు. మా అక్క పెళ్ళికీ క్యాంపే, మా బామ్మ సంవత్సరీకాలకీ క్యాంపే, తిరపతి క్యాంపే. పెళ్ళిలో కన్యాదానం చేసేటప్పుడు కూడా పక్కన ఆఫీసు బంట్రోతు నిలబడ్డాడు. క్యాంపు వేసుకోండి."

జోగారావు భార్యవైపు చూశాడు. ఇన్నాళ్ళూ కిరీటం ఈ ఇంట్లో తప్పు మనిషి చేతుల్లో ఉందనిపించింది.

సెలవన్నప్పుడు ముడుచుకున్న సర్ ఆల్డస్ మొహం, క్యాంపు అనగానే పువ్వులా విచ్చుకుంది. "రాజపర్యటన! నదీజలముల నిర్వహణ, మురుగు పారుదల, స్నానఘట్టముల పరిశీలన! సూపరింటెండెంటు విధులకూ, రాజు విధులకూ ఇది సంగమస్థానం!" వెంటనే కార్యక్రమం తయారైంది. తానూ వెంట వస్తున్నానన్నాడు. నియమావళి పుస్తకం మాత్రం చేత్తో మోసుకొచ్చాడు, సామాన్లలో వేస్తే పోతుందని.

కొవ్వూరులో దిగేసరికి ఆకాశం మబ్బుగా ఉంది. గోదావరి కొత్తనీటితో ఎర్రగా పారుతోంది. మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదువుతున్నారు. జీళ్ళవాళ్ళు, పసుపు కుంకాల బల్లలు, బొగ్గు మీద మొక్కజొన్న కండెలు. మబ్బు పడితే బకెట్టు వెతుక్కునే అలవాటు మరిచి, జోగారావు రోడ్డు మధ్యలో నిలబడిపోయి గట్టిగా ఊపిరి పీల్చాడు. అతని ఊపిరితిత్తులకి ఆ గాలి గుర్తుంది.

జిల్లా తరఫున ఒకావిడ దండ పట్టుకుని ఎదురొచ్చింది.

"నమస్కారమండి. దమయంతినండి. ఇన్‌చార్జ్ కలెక్టర్నండి."

"ఇన్‌చార్జా?" అన్నాడు జోగారావు. పరాయి ఊళ్ళో సొంత మేనత్త కనబడినట్టయింది.

"ఆయ్. మీకెన్నాళ్ళయిందండీ?"

"రెండేళ్ళు."

"నాది మూడో ఏడండి. కుర్చీలో కూచోనిస్తున్నారా?"

"లేదండి. మడత కుర్చీ."

"నయమండి. నాకు స్టూలు," అంది దమయంతి. దండ అతని మెడలో వేసి ఘాటుకి దారి తీసింది.

ఘాటు దగ్గర మాణిక్యాంబ పసుపురంగు చీర కట్టుకుని, మోకాళ్ళలోతు నీళ్ళలో దిగి నిలబడింది. కొంగు చేత్తో పట్టుకుని ఉంది. జోగారావు కిరీటాన్ని ఒడ్డున ఇత్తడి బిందె పక్కన పెట్టి, చొక్కా విప్పి, కండువా వేసుకుని మెట్టు దిగబోయాడు. అతని ఎదుట గొడుగు అడ్డం పడింది.

"క్షమించాలి," అన్నాడు సర్ ఆల్డస్. చెమటతో ఆయన ఇస్త్రీ అంతా పోయింది గానీ గొంతులో ఇస్త్రీ పోలేదు. "తమరు స్నానాన్ని పరిశీలించవచ్చు. చేయరాదు."

"ఏవిటండీ?"

"రాజు రాజ్యానికి శిరస్సు. శిరస్సు నీట మునిగిన క్షణమున రాజ్యానికి శిరస్సు ఉండదు. దీనిని రాజ్యాంగ శూన్యత అందురు. ఈ ఘట్టము పొడవు, లోతు, మెట్ల సంఖ్య తమరు పరిశీలించి ఒక నివేదిక—"

"ఏవండీ?" అని పిలిచింది మాణిక్యాంబ నీళ్ళలోంచి. వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు. ఆమెకి మాటలు వినబడలేదు గానీ గొడుగు కనబడింది. ఇన్నేళ్ళలో ఎన్ని గొడుగులు, ఎన్ని బకెట్లు, ఎన్ని కప్పులు చూసిందో, ఆమెకి అర్థమైపోయింది. పట్టుకున్న కొంగు మెల్లిగా జారవిడిచి, నదివైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదలటం ఒడ్డునుంచి కనబడింది.

జోగారావుకి ఒళ్ళు మండిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద ఆఫీసరు గొడుగు పట్టుకుని పక్కకి నెట్టాడు.

"సర్ ఆల్డస్! నా భార్య నన్ను ఈ నీళ్ళకి మొక్కి బతికించుకుంది. మీ రాజ్యం నాకు అప్పజెప్పకముందే నా తల ఈ గోదారికి అప్పజెప్పేసింది. అది మీకు చెప్పుకోవలసినదీ కాదు, మీ పుస్తకంలో దొరికేదీ కాదు. నేను ములుగుతాను. శూన్యత వస్తే రానీండి!"

"తొందరపడకండి," అని మధ్యలోకి వచ్చింది దమయంతి. "ములిగినంతసేపు ఎవరో ఒకరు ఛార్జి పుచ్చుకుంటే సరిపోద్ది కదండీ? శూన్యత ఉండదు. మేం రోజూ చేసే పనే."

సర్ ఆల్డస్ ఆగిపోయాడు. "అనగా... ఎవరు?"

"ప్యాలెస్ సిబ్బందిలో ఇప్పటికే ఉన్నవాళ్ళు, వెంటనే దొరికేవాళ్ళు," అన్నాడు జోగారావు. ఆ అర్హతలు అతనికి కంఠతా వచ్చు.

సర్ ఆల్డస్ అటూ ఇటూ చూశాడు. వెనక్కి చూశాడు. అలాంటి మనిషి ఆ ఘాటు మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన రాజుల వెనక రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. వాళ్ళ కోట్లు పట్టుకున్నాడు, వాళ్ళ ఉపన్యాసాలు రాశాడు, వాళ్ళు పేర్లు మర్చిపోతే చెవిలో చెప్పాడు. ఆయన చెయ్యి తనంతట తానే టై సర్దుకుంది.

"తాత్కాలికమేనా?" అన్నాడు మెత్తగా.

"తాత్కాలికమేనండి," అన్నాడు జోగారావు.

దమయంతి చేతిలోని పుష్కర కరపత్రం వెనక ఆమె చెప్పినట్టు రాశారు. జోగారావు ఛార్జి ఇచ్చితినని సంతకం పెట్టాడు. సర్ ఆల్డస్ ఛార్జి పుచ్చుకొంటినని, వంకీలు తిప్పి మరీ పెట్టాడు. కిరీటం రెండు చేతులా అందుకున్నాడు.

జోగారావు నీళ్ళలోకి పరుగెత్తాడు. మాణిక్యాంబ వెనక్కి తిరిగేలోపల ఆమె కొంగు అందుకుని తన కండువా అంచుకి ముడివేశాడు. బిగించి, రెండోసారి కూడా వేశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"గోత్రం చెప్పండి," అన్నాడు పురోహితుడు. ఆయన చుట్టూ అలా ముడులేసుకున్న జంటలు చాలామంది ఉన్నారు.

"కౌశికస గోత్రం. జోగారావు."

"బ్రిటన్ రాజ్య ఇన్‌చార్జ్—" అని ఒడ్డునుంచి అరవబోయి, ఆ ఇన్‌చార్జ్ ఇప్పుడు తానేనని గుర్తొచ్చి, సర్ ఆల్డస్ నోరు మూసుకున్నాడు.

"ధర్మపత్నీ సమేతస్య," అన్నాడు పురోహితుడు. "ఊఁ, మునగండి."

ఇద్దరూ మునిగారు. నీళ్ళ కింద చప్పుడంతా ఆగిపోయింది. మైకు లేదు, జనం లేరు, ఎక్కడా కప్పు కారటం లేదు. లేచి, మళ్ళీ మునిగారు. మూడోసారి లేచాక మాణిక్యాంబ మొహం తుడుచుకుంటూ, "అమ్మయ్య, తల్లీ! తెచ్చానమ్మా మనిషిని. చూసుకో," అంది పైకే. జోగారావు ఆ ఎర్రటి నీళ్ళలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గోదావరిలో మునిగిన మొహం మీద అదెవరికి తెలుస్తుంది?

తడిబట్టలతో, ముడితో, ఇద్దరూ పక్కపక్కనే మెట్లెక్కి వచ్చారు. పైన సర్ ఆల్డస్ ఒక చెవికి ఫోను పెట్టుకుని, ఒక చేత్తో కిరీటం పట్టుకుని గిలగిల కొట్టుకుంటున్నాడు. ఈ కొద్దిసేపట్లోనే ప్యాలెస్ కొత్త ఇన్‌చార్జ్‌ని కనిపెట్టేసింది. ఎవరో దేశాధ్యక్షుడు గంట ముందే దిగాడట. నాట్యశాల కప్పు సరిగ్గా ఆయన కుర్చీ మీదే కారుతోందట. ఒంటిభుజం సర్లు గేటు దగ్గర ధర్నాకి కూర్చున్నారట, రెండో భుజం ముట్టుకుంటే గానీ లేవరట.

"ఇదిగో! తమరి స్నానం పూర్తయినది గదా, తీసుకోండి," అని కిరీటం చాపాడు.

జోగారావు చేతులు అలవాటుగా ముందుకెళ్ళబోయాయి. కొంగుముడి వెనక్కి లాగింది. మాణిక్యాంబ కదల్లేదు.

"ఛార్జి మళ్ళీ ఇవ్వాలంటే ఉత్తర్వు కావాలండి," అంది దమయంతి, కరపత్రం జాగ్రత్తగా మడిచి చేతిసంచిలో పెట్టుకుంటూ. "మొదటిసారి సంఘంవారు ఉత్తర్వు ఇచ్చారు కదండీ? ఇప్పుడు ఎవరిస్తారు?"

"సంఘం గడువు ముగిసింది," అన్నాడు సర్ ఆల్డస్. అని, తన మాట తనకే వినబడి తెల్లబోయాడు. "అయితే రాజు ఇవ్వాలి."

"రాజెవరండీ?"

"ప్రస్తుతం... నేను. అయితే నేనే ఆజ్ఞాపిస్తున్నాను!"

"అది విధాన నిర్ణయం అవుద్దండి," అన్నాడు జోగారావు వినయంగా. "ఇన్‌చార్జ్ తీసుకోరాదు. పైగా తన ఛార్జి తానే వదిలించుకోవటం నైతిక విలువలకి విరుద్ధం కూడానేమో, పుస్తకం చూడండి."

సర్ ఆల్డస్ పుస్తకం చూడలేదు. అది రాసింది ఆయనే. ప్రతి దారీ ఆయన స్వహస్తాలతో మూసిందే. అయినా చివరి ఆశగా, "కనీసం నా విన్నపం..." అన్నాడు.

"నిరుత్సాహపడకండి. పరిశీలనలో ఉంది," అన్నాడు జోగారావు. "తమరి పరిశీలనలోనే."

ఆ మాట అంటున్నప్పుడు అతనికేమీ పగ లేదు. చెప్పాలంటే కాస్త జాలి కూడా వేసింది. అయినా పన్నెండేళ్ళ తర్వాత మాణిక్యం మొహంలో వచ్చిన తేటదనం చూశాక, ఆ కిరీటం మళ్ళీ పట్టుకునేంత జాలి మాత్రం లేదు. ఒడ్డున బిందె పక్కనున్న సంచిలో చెయ్యి పెట్టి, పాలిథిన్ కవరులో దాచిన సెలవు చీటీ తీశాడు.

"సూపరింటెండెంటు సెలవు చీటీ అండి. సిబ్బంది సెలవు విధాన నిర్ణయం కాదు కదండీ, రోజువారీ పని. రాజుగారు మంజూరు చెయ్యాలి."

సర్ ఆల్డస్ దాన్ని రెండుసార్లు చదివాడు. అడ్డుచెప్పడానికి ఏ నియమమూ దొరకలేదు. మనసారా వెతికాడు, దొరకలేదు. మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. సంతకం పెట్టడానికి కిరీటం తిరగేసి మెట్టు మీద పెట్టాల్సి వచ్చింది. అటుగా పోతున్న ఒక ముసలమ్మ అది దక్షిణ పళ్ళెం అనుకుని అందులో ఒక నాణెం వేసి దణ్ణం పెట్టింది. ఆమె వెనక వస్తున్న వరసంతా వెయ్యడం మొదలుపెట్టింది. "వద్దు, వద్దు" అని సర్ ఆల్డస్ రెండు చేతులూ ఊపాడు. ఆయన దీవిస్తున్నాడనుకుని జనం ఇంకా ఎగబడ్డారు. చెయ్యి మాత్రం చాలా బాగా ఊపాడు, అయిదు నక్షత్రాలు వెయ్యొచ్చు.

జోగారావూ మాణిక్యాంబా మొక్కజొన్న కండెలవైపు నడిచారు. ముడి విప్పబోతే తడికి బిగిసిపోయి రాలేదు. ఉండనీమంది ఆమె. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ఘాటువైపు చూసింది.

"పాపం, ఆయనకి సెలవెవరిస్తారండీ?"

"సెలవెందుకు?" అన్నాడు జోగారావు. "వచ్చే పుష్కరాలకి క్యాంపు వేసుకుంటాళ్ళే."